ప్రసారపు హోరులో సన్నని స్వరము

1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగినది. 2022 జూలైలో మరల 71.3 అడుగులకు చేరినది. వైరా వారికి ఇది పొరుగింటి కష్టమే. వరదలో టెలిఫోను మూగవోయినపుడు ఊరికిని ఊరికిని మాట కలుపగల సాధనములలో అమెచ్యూర్ రేడియో ఒకటి. హైదరాబాదులో 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను వ్యాప్తి చేసినది. కాని అవతలి మాట వినబడనిచో ఫలమేమి?

ముషాయిరాలో కవి మెల్లగా షేర్ చదువుచుండగా ప్రక్కనే లౌడుస్పీకరు మ్రోగినట్లు, సమీపములోని ఎఫ్.ఎం. ప్రసారము రిసీవరును ముంచివేయును. ఎఫ్.ఎం. స్థానము 88–108 మెగాహెర్ట్జ్‌లు; అమెచ్యూర్ స్థానము 144–146. మొదటిదానిని ఆపి రెండవదానిని విడుచుటకు కోయాక్సియల్ కేబులు ముక్కయే చాలును. దానినే స్టబ్ ఫిల్టరు అందురు.

ఏరియల్ కేబులుకు ప్రక్కగా, కొన తెరచియున్న పావు తరంగపు ముక్కను కలిపితిమనుకొందము. తరంగము కొనవరకు పోయి వెనుకకు వచ్చుసరికి అర తరంగము నడచును. సంధి వద్ద మూలతరంగమునకు ఎదురై దానిని రద్దు చేయును. 100 మెగాహెర్ట్జ్‌ల తరంగము గాలిలో 3 మీటర్లు. అందు పావు 75 సెంటీమీటర్లు. గట్టి పాలిథీన్ కేబులులో వేగము 0.66 వంతు గనుక ముక్క 49.5 సెంటీమీటర్లు కావలెను.

అయితే ఈ ముక్క 145 మెగాహెర్ట్జ్‌లను కూడ కొంత చెరచును. అందుకు విరుగుడుగా అదే సంధి వద్ద, కొన తెరచిన 18.8 సెంటీమీటర్ల ముక్కను చేర్చవలెను. రెండును కలిసి 68.3 సెంటీమీటర్లు, అనగా కేబులులో 145 మెగాహెర్ట్జ్‌ల అర తరంగము. అప్పుడు ఒకదాని ప్రభావమును మరొకటి సరిదిద్దగా మన సంకేతము నిరాటంకముగా సాగును.

ముక్కలను కొంచెము పొడవుగా కోసి, పరీక్షించుచు కొద్దికొద్దిగా కత్తిరించవలెను. కొనలో నడిమి తీగ అల్లికను తాకరాదు. నీరు చేరకుండ టేపు చుట్టవలెను. టి.వి. కేబులులో తరంగవేగము వేరు గనుక పై కొలతలు దానికి చెల్లవు.

ఈ ఉపాయమునకు హద్దులు గలవు. 837 కిలోహెర్ట్జ్‌ల మధ్యతరంగ ప్రసారమును ఆపుటకు సుమారు 59 మీటర్ల కేబులు కావలెను. అచట తీగచుట్టలు, కెపాసిటర్లే మేలు.

విద్యార్థులారా! ప్రసారము చేయుటకు లైసెన్సు తప్పనిసరి. ఆ పరీక్షకు చదువుచు, ఈ ఫిల్టరును ప్రయోగశాలలో నిర్మించి చూడుడు. వరదరాత్రి ఒక సన్నని స్వరము చెవిని చేరినచో మన శ్రమ సార్థకము.