సిట్‌కామ్‌లలో కంటిన్యుటీ దోషాలు: గుర్తింపు, నిర్ధారణ

కీలకపదాలు: సిట్‌కామ్, కంటిన్యుటీ, పూర్వాపర వైరుధ్యం, కథనం, ఎడిటింగ్.

1. ఉపోద్ఘాతం

దృశ్యకథనంలో ముందు చూపినదానికీ తరువాత చూపినదానికీ పొంతన లోపించడమే కంటిన్యుటీ దోషం. ఏళ్ల తరబడి సాగే హాస్య ధారావాహికల్లో, అంటే సిట్‌కామ్‌లలో, ఇటువంటివి తరచుగా కనిపిస్తాయి. ప్రేక్షకులు వీటిని సరదాగా ఏరుతారు. పరిశోధకులకు ఆ జాబితా ఒక్కటే చాలదు. దోషం ఏ దశలో పుట్టిందో తేల్చినప్పుడే అది కథననిర్మాణాన్ని వివరించే ఆధారమవుతుంది. కొన్ని అమెరికన్ సిట్‌కామ్‌ల ద్వారా ఆ నిర్ధారణ పద్ధతిని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సన్నివేశంలోని దోషాలు

1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో చిత్రీకరించే విధానానికి ప్రాచుర్యం తెచ్చింది. ఒకే నటనను మూడు కోణాల్లో ఏకకాలంలో చిత్రిస్తే పొంతన చెడదు. అయితే ఒకే సన్నివేశానికి పలు టేకులు తీసి, వాటిలోని షాట్లను కలిపి కూర్చినప్పుడు చిక్కు వస్తుంది. ఒక షాట్‌లో నిండుగా ఉన్న కాఫీ కప్పు మరుసటి షాట్‌లో సగమవుతుంది. కనుక కోణం మారిన క్షణంలో నటుల చేతులు, జుట్టు, బల్లమీది వస్తువులు, గడియారం పరిశీలించాలి. ఇవి ఎడిటింగ్ దశలో బయటపడేవే తప్ప కథార్థాన్ని మార్చేవి కావు.

3. ఎపిసోడ్ల మధ్య దోషాలు

ఇవి రచనకు సంబంధించినవి. 236 ఎపిసోడ్ల ‘ఫ్రెండ్స్’ (1994–2004)లో రాస్ వయస్సు మూడు, నాలుగు, ఐదు సీజన్లలోనూ 29 ఏళ్లే. ఏబీసీ ధారావాహిక ‘హ్యాపీ డేస్’ (1974–1984)లో పెద్దకొడుకు చక్ రెండో సీజన్ తరువాత కనిపించడు. చివరి ఎపిసోడ్‌లో తండ్రి తమకు ఇద్దరే పిల్లలన్నట్లు మాట్లాడతాడు. వారానికొకటిగా ప్రసారమైన కథలను పలువురు రచయితలు రాశారు. వరుసగా చూసే వీలు పెరిగాక ఇటువంటి వైరుధ్యాలను పోల్చి చూడడం సులువైంది.

4. దోషమా, పాత్ర ఆడిన అబద్ధమా?

‘చీర్స్’లో ఫ్రేజర్ తన తండ్రి మరణించాడని చెబుతాడు. 1993లో మొదలైన ‘ఫ్రేజర్’లో ఆ తండ్రి మార్టిన్ విశ్రాంత పోలీసు అధికారిగా ప్రధానపాత్ర. 1995లో పాత మిత్రుడు శామ్ వచ్చిన ఎపిసోడ్‌లో, అప్పట్లో తండ్రితో తగవు పడి అలా చెప్పానని ఫ్రేజర్ వివరిస్తాడు. రచయితలు వైరుధ్యాన్ని తండ్రీకొడుకుల ఎడబాటుకు సాక్ష్యంగా మలచారు.

దీన్ని కేవలం పొరపాటుగా లెక్కిస్తే ఆ ఎడబాటు విశ్లేషణకు అందదు. మొదటినుంచీ ఉన్న వ్యూహమంటే రచయితలకు లేని ముందుచూపును అంటగట్టినట్లవుతుంది.

5. ముగింపు

కాబట్టి ప్రతి వైరుధ్యాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. దాన్ని కెమెరా చూపిందా, పాత్ర చెప్పిందా? ఆ పాత్రకు అబద్ధమాడే కారణముందా? తరువాతి ఎపిసోడ్ దాన్ని సవరించిందా? కెమెరా చూపిన చక్‌ను అబద్ధంగా కొట్టివేయలేం. ఫ్రేజర్ మాటను కొట్టివేయవచ్చు. నిర్మాణచరిత్రలో దోషమైనది కథార్థంలో గుణం కావచ్చు. ఆ రెండింటినీ వేర్వేరుగా నమోదు చేసినప్పుడే విశ్లేషణ ప్రామాణికమవుతుంది.