కెమెరా ఆగినా... నటన ఆగలేదు!

2024లో వచ్చి ఏకంగా 18 ఎమ్మీ అవార్డులు ఎగరేసుకుపోయిన ‘షోగన్‌’ని మీలో చాలామంది ఫోన్లోనే చూసేసి ఉంటారు. ఆ కథ తెరకెక్కడం అదే మొదటిసారి కాదు. 1980 సెప్టెంబరులో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్‌ అదే నవలను మినీ సిరీస్‌గా తీసి, వరసగా అయిదు రాత్రులు ప్రసారం చేసింది. జపాన్‌ తీరానికి కొట్టుకొచ్చిన ఇంగ్లిష్‌ నావికుడిగా అందులో నటించింది రిచర్డ్‌ ఛాంబర్లేన్‌. మూడేళ్లకే ‘ది థార్న్‌ బర్డ్స్‌’తో మళ్లీ దేశాన్ని టీవీల ముందు కూర్చోబెట్టాడు. ఒకమ్మాయిని ప్రాణంగా ప్రేమిస్తూ, ఆ ప్రేమను బయటికి చెప్పుకోలేని చర్చి ఫాదర్‌ పాత్ర అది. ఆ రెండింటికీ గోల్డెన్‌ గ్లోబ్‌ అందుకున్నాడు. ‘మినీ సిరీస్‌ల మహారాజు’ అన్నారు అందరూ.

ఆ కలల రాకుమారుడు గే అన్న సంగతి మాత్రం అభిమానులకు తెలీదు. తెలియనివ్వలేదు.

గే అయి ఉండీ పైకి చెప్పుకోలేనివాళ్లని అమెరికాలో ‘క్లోజెట్‌లో ఉన్నారు’ అంటారు. క్లోజెట్‌ అంటే బట్టల అల్మారా. ఎనభైల్లో టీవీని ఏలిన కొందరు నటులు ఆ అల్మారాలోనే బతికారు.

ఎందుకంత భయం?

అప్పట్లో ఓటీటీలు లేవు. ఏబీసీ, సీబీఎస్‌, ఎన్‌బీసీ... ప్రధానంగా ఈ మూడు నెట్‌వర్కులదే రాజ్యం. వాటికి డబ్బులిచ్చేది ప్రకటనదారులు. ‘ఇంటిల్లిపాదీ చూసే షో’లో హీరో మీద చిన్న పుకారు పుట్టినా సబ్బుల కంపెనీ వెనక్కి తగ్గుతుందేమోనని ఛానళ్లకు దడ. నటుడి నడవడిక వల్ల చెడ్డపేరొస్తే పనిలోంచి తీసేయొచ్చనే షరతు హాలీవుడ్‌ ఒప్పందాల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

చట్టం కూడా తోడుగా లేదు. స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే జార్జియా రాష్ట్ర చట్టం సరైనదేనని 1986లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. ఇక నటుడు నోరు విప్పేదెలా?

‘డైనాస్టీ’లో విడ్డూరం

1981లో ఏబీసీలో మొదలైన ‘డైనాస్టీ’ సీరియల్‌ అప్పటికి ధైర్యం చేసినట్టే లెక్క. అందులో చమురు కోటీశ్వరుడి కొడుకు స్టీవెన్‌ గే. కానీ ఆ పాత్రను ఒకరి తర్వాత ఒకరుగా చేసిన ఆల్‌ కోర్లీ, జాక్‌ కోల్‌మన్‌ ఇద్దరూ గేలు కారు. 1984 చివర్లో అదే సీరియల్‌లో హీరోయిన్‌ని ప్రేమించే మగధీరుడి పాత్రలో అడుగుపెట్టిన రాక్‌ హడ్సన్‌ మాత్రం గే! కథలో గే ఉండొచ్చు. సెట్‌లో ఉన్న గే మాత్రం నోరెత్తకూడదు. ఇదీ అప్పటి లెక్క.

హడ్సన్‌కి దాచుకోవడం కొత్త కాదు. హాలీవుడ్‌ హీరోగా వెలుగుతున్న రోజుల్లో, 1955లో, తన ఏజెంట్‌ దగ్గర సెక్రటరీగా పనిచేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మూడేళ్లకే విడాకులు. కానీ ఈసారి దాచాల్సింది ఇంకోటి ఉంది. ‘డైనాస్టీ’కి కొద్దినెలల ముందే, 1984 జూన్‌లో, అతనికి ఎయిడ్స్‌ అని తేలింది.

సీరియల్‌లో లిండా ఎవాన్స్‌తో ముద్దు సన్నివేశం ఉంది. చెబితే రహస్యం బయటపడుతుంది. చెప్పకపోతే ఆమెకు అన్యాయం. హడ్సన్‌ చెప్పలేదు. పెదవులు మాత్రం బిగించి, ముద్దుని అలా తాకీ తాకనట్టు కానిచ్చాడు. తనను కాపాడాలనే అలా చేశాడని లిండా తర్వాత ఇంటర్వ్యూల్లో గుర్తుచేసుకుంది. ముద్దుతో ఈ వైరస్‌ సోకదని ఇప్పుడు మనకి తెలుసు. అప్పుడు అంతా భయమే.

1985 జులై 25న పారిస్‌లో అతని ప్రతినిధి విషయం బయటపెట్టగానే ప్రపంచమంతా అదే వార్త. సానుభూతితో పాటు కలకలమూ రేగింది. నోరు తెరిచి పెట్టే ముద్దు సన్నివేశాలుంటే నటులకు ముందే చెప్పాలని నటుల సంఘం ఆ ఏడాదే నిబంధన తెచ్చింది. అక్టోబరు 2న హడ్సన్‌ కన్నుమూశాడు. వయసు 59. అతనిచ్చిన రెండున్నర లక్షల డాలర్లు ఎయిడ్స్‌ పరిశోధన కోసం ఓ జాతీయ ఫౌండేషన్‌ పుట్టడానికి సాయపడ్డాయి. దాచడానికి అంత కష్టపడ్డ నిజం బయటికొచ్చాకే ఆ జబ్బు గురించి మామూలు ఇళ్లలో మాటలు మొదలయ్యాయి.

లేని కొడుకు... ఉన్న తోడు

కోర్టులో ఎవరి అబద్ధాన్నయినా ఇట్టే పట్టేసే లాయర్‌ పెర్రీ మేసన్‌గా ప్రసిద్ధుడు రేమండ్‌ బర్‌. 1985 డిసెంబరులో మళ్లీ అదే పాత్రతో టీవీకి తిరిగొచ్చి, చనిపోయేదాకా వరసగా టీవీ సినిమాలు చేశాడు. పత్రికలకు అతను చెప్పిన సొంత కథ ఏంటంటే... ఇద్దరు భార్యలు చనిపోయారు, పదేళ్ల కొడుకు జబ్బుతో పోయాడు. 1993లో బర్‌ మరణించాక ఆరా తీస్తే దొరికింది ఒకే ఒక్క పెళ్లి, అదీ విడాకులతో ముగిసింది. ఆ కొడుకు పుట్టినట్టు ఆధారమే లేదు. నిజంగా ఉన్నది రాబర్ట్‌ బెనవైడిస్‌. మూడు దశాబ్దాలకు పైగా తోడున్న మనిషి. లేని కొడుక్కోసం జనం సానుభూతి చూపించారు. ఉన్న తోడు గురించి మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

‘ది బ్రేడీ బంచ్‌’లో ఆదర్శ తండ్రిగా అమెరికాకి దగ్గరైన రాబర్ట్‌ రీడ్‌దీ అదే కథ. 1988లో వచ్చిన క్రిస్మస్‌ స్పెషల్‌లో మళ్లీ ఆ తండ్రిగా కనిపించాడు. అతని సంగతి తోటి నటులకు తెలుసు, ఎవరూ నోరు జారలేదు. ప్రేమతోనే దాచారు. కానీ 1992లో చనిపోయేదాకా అతను బహిరంగంగా ఒప్పుకునే వీల్లేకపోయింది.

తలుపు తీసినవాళ్లు

‘బీవిచ్డ్‌’లో మంత్రగత్తె భర్తగా నవ్వించిన డిక్‌ సార్జెంట్‌ మాత్రం 1991 అక్టోబరు 11న బయటికొచ్చి చెప్పేశాడు. తాము గే అని కుమిలిపోతూ ప్రాణాలు తీసుకుంటున్న కుర్రాళ్ల గురించి విని ఆగలేకపోయానన్నాడు. మరుసటి ఏడాది లాస్‌ ఏంజెలెస్‌ ప్రైడ్‌ ఊరేగింపులో ముందు నడిచాడు. పక్కన ఎవరో తెలుసా? తెరమీద భార్య ఎలిజబెత్‌ మాంట్‌గొమరీ!

మరి మన ‘షోగన్‌’ హీరో? జీవిత భాగస్వామి మార్టిన్‌ రాబెట్‌తో కలిసి ఎనభైల్లోనే ఓ సినిమాలో నటించాడు. అందులో ఇద్దరూ అన్నదమ్ములు! 1989లో ఓ ఫ్రెంచ్‌ పత్రిక అతను గే అని రాసేసినా తను మాత్రం పెదవి విప్పలేదు. చివరికి 2003లో, 69 ఏళ్ల వయసులో, ఆత్మకథలో రాసుకున్నాడు. స్వలింగ సంబంధాలు నేరం కాదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిందీ ఆ ఏడాదే. అయినా 2010లో ఓ ఇంటర్వ్యూలో, హీరో వేషాలు వేసే గే నటులకి బయటపడమని తను సలహా ఇవ్వనన్నాడు. అరవైల నుంచి మోసిన భయం అంత తేలిగ్గా దిగుతుందా? 2025 మార్చిలో, 91వ పుట్టినరోజుకి రెండ్రోజుల ముందు, ఛాంబర్లేన్‌ వెళ్లిపోయాడు.

గమనించారా... ఇంత కథలో ఎవరూ అడగనిది ఒక్కరినే, ప్రేక్షకుణ్ని. ‘జనం ఒప్పుకోరు’ అని ఛానళ్లు అనుకున్నాయి, ఏజెంట్లు అనుకున్నారు, చివరికి నటులూ నమ్మేశారు. నిజాలన్నీ తెలిశాక పెర్రీ మేసన్‌ని చూడటం జనం మానేశారా? బ్రేడీ నాన్న మీద ఇష్టం పోయిందా? లేదు. ఆ షోలు ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. ఆ మాట విని కాస్త ఊపిరి పీల్చుకోవడానికి మాత్రం వాళ్లలో చాలామంది మిగల్లేదు.