పొలం కాడ బోరు నీళ్లు తాగుతున్నారా?

బోరు పడగానే ఎన్ని అంగుళాల నీళ్లొచ్చాయని అందరం అడుగుతాం. ఆ నీళ్లలో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. పైరుకు పారితే చాలనుకుంటాం. కానీ అవే నీళ్లు మీరు తాగుతారు, కూలీలు తాగుతారు, గొడ్లు తాగుతాయి. ఇంటికాడ నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నా, పొద్దంతా పొలంలో ఉండే మనిషి గొంతులోకి దిగేది చాలాచోట్ల బోరు నీరే. ఎండాకాలమైతే చెంబుల కొద్దీ తాగుతాం. అందుకే రైతు సోదరులు, అక్కచెల్లెళ్లు ఫ్లోరైడు సంగతి మరోసారి తెలుసుకోవాలి.

ముందు పసిగట్టింది రైతులే

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించి రాసింది 1937లో, ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. అంతకు ముందే అక్కడి రైతులకు అనుమానం వచ్చింది. కొనుక్కొచ్చిన ఎద్దులు కొన్నాళ్లకే కీళ్లు పట్టేసి నడవలేకపోయేవి. వైద్యులు వచ్చి చూస్తే మనుషుల్లోనూ అదే జబ్బు. తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని తేలింది.

ఈ ఫ్లోరైడు ఎవరో కలిపింది కాదు. మన నేల కింద ఉన్న గ్రానైటు రాళ్లలోనే ఉంది. నీరు రాతి పగుళ్లలో ఎన్నేళ్లు నిలిస్తే అంత కరుగుతుంది. చేదబావుల కాలంలో వాన నీరు చేరి బావి నీరు మారుతూ ఉండేది. బావులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ ఏళ్ల తరబడి రాతిలో మగ్గిన నీటిని తోడుకుంటున్నాం. ఆ నీటికి వాసన ఉండదు, రంగు ఉండదు. నాలుకకు తెలియదు.

డ్యాము వచ్చాక మారిన జబ్బు

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఆ తర్వాత కొన్నేళ్లకు నల్లగొండ ప్రాంతపు పిల్లల్లో, యువకుల్లో కొత్త రకం అవిటితనం కనిపించింది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, పాదాలు ఎడంగా పోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో దీని వెంటపడ్డారు. జొన్న ముఖ్య ఆహారంగా తినేవాళ్లలో ఇది ఎక్కువని చూశారు. ఊట వల్ల భూగర్భ జలం పైకొచ్చి నేలలో క్షారం పెరిగిందని, దాంతో జొన్న మాలిబ్డినం ఎక్కువ తీసుకుందని, ఆ జొన్న తింటే ఒంట్లోని రాగి బయటికి పోతుందని వారు వివరించారు. ఫ్లోరైడుకు ఇది తోడై ఎముకలు వంగాయన్నమాట. అంటే నీరు మారితే నేల మారుతుంది, నేల మారితే తిండి మారుతుంది.

ఎంత ఉంటే ప్రమాదం?

మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేకపోతే 1.5 వరకు. అది దాటితే ముందు పిల్లల పండ్ల మీద తెల్ల మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ రంగు అడ్డ చారలు వస్తాయి. పండ్లు తయారయ్యే ఎనిమిదేళ్ల లోపు వయసులో ఈ దెబ్బ తగులుతుంది. ఇంకా ఎక్కువున్న నీరు ఏళ్ల తరబడి తాగితే మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఒకసారి వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు. నివారణే మార్గం.

పరీక్ష ఎలా?

• బోరు వేసి పది నిమిషాలు నీళ్లు పోనివ్వండి.
• శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి, నిండా పట్టండి. గాజు సీసా వద్దు.
• ఊరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ రాసి సీసాకు అంటించండి.
• గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి. దారి తెలియకపోతే మండలంలోని ఆ శాఖ ఏఈ గారిని అడగండి.

పక్క చేనిలో మంచి నీళ్లు పడ్డాయని మీవీ మంచివే అనుకోవద్దు. ఏ బోరుకు ఆ బోరే చూపించాలి.

ఏది పనిచేస్తుంది, ఏది చేయదు?

కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరు పెట్టినా లాభం లేదు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది పనిచేస్తుంది. కాని ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారాన్ని బట్టి ఉంటుంది. చేతికొచ్చినంత వేస్తే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. నిపుణులు లెక్క కట్టి ఇస్తేనే చేయండి. ఆర్వో యంత్రం ఫ్లోరైడును తీస్తుంది. అయితే దాని వృథా నీటిలో ఫ్లోరైడు ఇంకా ఎక్కువ. అది గొడ్ల తొట్టిలో పోయకండి.

చింతపండు మీదా పరిశోధన జరిగింది. పోషకాహార సంస్థ వారు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు పెడితే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. మన పచ్చిపులుసుకు ఇది మంచి మాటే. కాని చింతపండు తింటున్నాం కదా అని పాత నీళ్లే తాగితే ప్రయోజనం లేదు. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి తింటే శరీరానికి బలం. నల్ల టీలో ఫ్లోరైడు ఉంటుంది కనుక తగ్గించండి.

మన వంతు

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నది నీరు ఊళ్లకు వచ్చింది. ఇంటి నీళ్లు మారాయి, పొలం నీళ్లు మారలేదు. ఇంటి నల్లా నీటినే క్యానులో పట్టుకుని చేనికి తీసుకుపోండి. కూలీలకూ ఆ నీళ్లే పెట్టండి. నాట్లకొచ్చే గర్భిణులకు, తల్లుల వెంట వచ్చే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. అన్నం, పప్పు వండడానికీ ఆ నీళ్లే వాడండి. పరీక్షలో 1.5 దాటితే బోరు పైపుకు ఎర్ర రంగు పూయండి. చదువు రానివాళ్లకూ తెలుస్తుంది. ఈ సీజను మడి దున్నకముందే సీసా నింపి పంపండి.