మారథాన్ పరుగు – ఆరంభ శూరత్వం

ఏ పనినైనా అట్టహాసంగా మొదలుపెట్టి నడుమ విడిచిపెట్టేవారిని ఆరంభశూరులంటారు. ఈ మాట అక్షరాలా వర్తించే పందెం మారథాన్. మన కళాశాల విద్యార్థులు కొందరు హైదరాబాదు మారథాన్‌లో పాల్గొనాలన్న ఉత్సాహంతో ఉన్నారు. ఎంత వేగంగా పరుగెత్తాలని వారు మమ్మల్ని అడుగుతున్నారే గాని, ఎంత నెమ్మదిగా మొదలుపెట్టాలని ఒక్కరూ అడగలేదు. మేము తెలుగు బోధించేవారమే గాని వైద్యులం కాము. అయినా కొంత చదివి, కొంత పరుగెత్తి తెలుసుకొన్న సంగతులను వారి కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

1896 ఏప్రిల్ 10న ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలలో తొలి మారథాన్ జరిగింది. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఫ్రాన్సు దేశీయుడైన లెర్ముజో ఆరంభంలోనే అందరినీ చాలా వెనుకకు నెట్టి దూసుకుపోయాడు; 32వ కిలోమీటరు దగ్గర ఇక అడుగు సాగక విరమించాడు. తరువాత ముందంజ వేసిన ఆస్ట్రేలియావాసి ఫ్లాక్ అప్పటికే 800, 1500 మీటర్ల పందేలు గెలిచిన వీరుడు. అతడూ గమ్యం చేరకముందే కుప్పకూలాడు. మొదట వెనుకబడి, నిదానంగా వచ్చిన గ్రీకు యువకుడు స్పిరిడాన్ లూయిస్ 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో విజేత అయినాడు.

దీనికి కారణం శరీరధర్మంలోనే ఉన్నది. కండరాలలో, కాలేయంలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని నుండి వచ్చే శక్తి సుమారు 2000 కెలొరీలకు మించదు. 60 కిలోల బరువున్న మనిషి నేటి మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లు పరుగెత్తడానికి దాదాపు 2500 కెలొరీలు కావాలి. ఆ లోటును కొవ్వు తీర్చాలి. నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు కొవ్వు ఎక్కువగా ఖర్చవుతుంది. వేగం పెరిగినకొద్దీ గ్లైకోజన్ త్వరగా హరిస్తుంది. 30వ కిలోమీటరు దాటాక కాళ్లు సీసంలా బరువెక్కడం ఇందువల్లనే.

తగిన వేగమేదో తెలుసుకొనడానికి యంత్రం అక్కరలేదు. పరుగెత్తుతూ ఒక ఉత్పలమాల పాదాన్ని చదివి చూడండి. పదవ అక్షరమైన యతిస్థానానికి చేరకముందే ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్లు. ఉర్దూ మిత్రులు ఒక షేర్ చదువుకొన్నా సరే! సాధనలో ఎక్కువ భాగం ఈ నిదానపు పరుగే కావాలి. ఊపిరి అందక నడవవలసి వస్తే నడవండి, అందులో నామోషీ ఏమీ లేదు. 2023లో షికాగో నగరంలో 2 గంటల 35 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన కెన్యా వీరుడు కెల్విన్ కిప్టుమ్ సైతం మొదటి సగం కంటే రెండవ సగాన్నే వేగంగా ముగించాడు.

మరొక చిక్కు ఉన్నది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే అలవాటు పడతాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. ఊపిరి "ఇంకా పరుగెత్తు" అంటుంటే మోకాలి కింది ఎముకలో సన్నని చీలిక ఏర్పడుతూ ఉండవచ్చు. అందువల్ల వారం వారం దూరాన్ని స్వల్పంగానే పెంచాలి. దూరాన్ని, వేగాన్ని ఒకేసారి పెంచరాదు. ఒకేచోట నొప్పి రోజు రోజుకు పెరుగుతుంటే పరుగు ఆపి వైద్యునికి చూపించాలి.

హైదరాబాదు మారథాన్ జరిగేది ఆగస్టులో. గాలిలో తేమ వల్ల చెమట త్వరగా ఆరదు, ఒంటి వేడి దిగదు. దారిలో ఫ్లైఓవర్ల ఎక్కుడు కూడా ఉన్నది. ఆనాడు సాధనలోని వేగాన్ని కూడా కొంత తగ్గించుకోవాలి. దాహానికి తగినంత త్రాగాలి. భయంతో అదే పనిగా నీరు త్రాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం కలుగుతుంది. తల తిరిగినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి కలిగినా అక్కడే ఆగి సహాయం కోరాలి.

పరుగు కొత్తగా మొదలుపెట్టినవారు ఈ ఏడు 10 కిలోమీటర్ల పందేనికి పేరు ఇవ్వడం మేలని మా అభిప్రాయం. అది సుఖంగా ముగిస్తే వచ్చే ఏడు 21 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ మాట ఆ తరువాత ఆలోచించవచ్చు.