టిట్లాగఢ్ నుండి కిత్తూరు దాక

విదేశమునకేగి ధనికుడై తిరిగివచ్చిన వానిని మనవారు రెండు విధముల జూచుచున్నారు. కొందఱు పూలమాలలు వేసి సభాధ్యక్షుని జేయుదురు. కొందఱు దేశము పెట్టిన చదువును పరదేశమున నమ్ముకొన్నాడని నిందింతురు. కృష్ణా, గుంటూరు మండలములలో అమెరికాకు పుత్రుని బంపిన గృహములు ఊరూర గలవు గనుక ఈ ప్రశ్న మన పాఠకులకు దూరమైనది గాదు. పోయినవాని వలన దేశమునకు గలుగు లాభమెట్టిది? ధనమా, కీర్తియా, మఱియొకటియా? దీనిని విచారించుటకు సత్యనారాయణ గంగారాం పిట్రోడా గారి చరిత్రము కంటె దగిన యుదాహరణము మాకు గానరాదు. లోకమాయనను సాం పిట్రోడా యని పిలుచుచున్నది.

విజయనగరము నుండి రాయపూరునకు బోవు రైలులో నెక్కినవారెల్లరు టిట్లాగఢ్ జంక్షను నెఱుగుదురు. ఒడిశాలో ఎండకు పేరుపడిన యూరది. 1942లో పిట్రోడా గారచట జన్మించిరి. తలిదండ్రులు గుజరాతు నుండి బ్రతుకుదెరువునకై వచ్చినవారు. వంశపారంపర్యముగా వడ్రంగపు వృత్తివారు. కావున వలస యనునది ఆ యింట ఒక తరము ముందే ప్రారంభమైనదనవలెను. ఆ దంపతులకు గాంధీమహాత్ముని యెడ భక్తి మెండు. కుమారులను గుజరాతునకు బంపి చదివించిరి. సత్యనారాయణ బడోదా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమున ఉన్నత పట్టమును బొంది, 1964లో చికాగోకు బోయి ఇల్లినాయి సాంకేతిక విద్యాలయమున జేరిరి. అంతవఱకు టెలిఫోనును చేత బట్టి మాటలాడి యెఱుగరు. తొలి యుద్యోగమున జీతపు చెక్కులు వ్రాయు నామె పేరు మిక్కిలి పొడవుగా నున్నదని సాం అని కుదించివైచినదట. మన వేంకటసుబ్బారావులకును అచట నిదే గతి పట్టుచుండుట పాఠకులెఱిగినదే.

ఆ కాలమున టెలిఫోను ఎక్స్చేంజి యనగా టకటకమని కదలు లోహపు మీటల గుంపు. దుమ్ము చేరినను, తేమ తగిలినను పని చెడును. మనుష్యుని కంఠధ్వనిని అంకెలుగా మార్చి, కదలు భాగములు లేకయే ఒక తీగ నుండి మఱియొక తీగకు బంపు డిజిటల్ పద్ధతి అప్పుడప్పుడే తలయెత్తుచుండెను. 1966లో జి.టి.ఇ. కంపెనీలో జేరిన పిట్రోడా గారు ఆ విద్యయందే కృషిసల్పి, 1974లో కొందఱితో గలిసి వెస్కాం స్విచింగ్ అను కంపెనీని స్థాపించిరి. అచట నిర్మించిన 580 డి.ఎస్.ఎస్. అను యంత్రము వ్యాపారమున జయమందెను. 1980లో రాక్వెల్ కంపెనీ వెస్కామును గొనగా, నలువది యేండ్లు నిండకమునుపే ఆయన ధనవంతులైరి. కథ ఇంతటితో ముగిసినచో ఈ పుటకెక్కదగినది గాదు. అట్టి ధనికులు అమెరికాలో వేలకొలది గలరు.

1981 ప్రాంతమున ఢిల్లీకి వచ్చిన పిట్రోడా గారికి హోటలు నుండి చికాగోలోని భార్యతో మాటలాడుట గగనమైపోయినది. ఆనాటి మన దేశమున టెలిఫోనులు పాతిక లక్షలకు మించి లేవు. నూటికి 97 గ్రామములలో ఒక్కటియైనను లేదు. దరఖాస్తు పెట్టినవాడు ఏండ్ల తరబడి వేచియుండవలసినదే. వచ్చిన టెలిఫోనైనను పలుకునను నమ్మకము లేదు. టెలిఫోను విలాసవస్తువే గాని హక్కు గాదనియు, ఇష్టము లేనివారు తిరిగి యిచ్చివేయవచ్చుననియు ఒక మంత్రివర్యులు సెలవిచ్చినట్లు ఈనాటికిని జెప్పుకొందురు. ఆ మాటయందు గర్వము కంటె నిస్పృహయే యెక్కువగా మాకు దోచుచున్నది. టెలిఫోను కలవారి యింటి యలంకారమని పాలకులు నిజముగానే నమ్మియుండిరి.

పిట్రోడా గారు కాదనినది ఈ నమ్మకమునే. టెలిఫోనులెన్ని యున్నవని గాక, టెలిఫోను నందుకొనగలవారెందఱని లెక్కింపవలెనని ఆయన వాదము. ప్రధాని ఇందిరాగాంధీ గారి దర్శనమునకు పది నిమిషము లిత్తుమనగా, ఒక గంట లేనిదే రానని చెప్పి పట్టుదలతో సాధించుకొనిరి. ఫలితముగా 1984 ఆగస్టులో సి-డాట్ అను సంస్థ వెలసెను. ముప్పదియారు కోట్ల రూపాయలతో, ముప్పదియారు నెలలలో, స్వదేశీ ఎక్స్చేంజిని నిర్మింతుమని ప్రతిజ్ఞ. పిట్రోడా గారి జీతము ఏడాదికొక రూపాయి. ఇచట న్యాయముగా జెప్పవలసిన దొకటి కలదు. ఆ పని యొక్కనిది గాదు. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఎం.వి. పిట్కే గారు డిజిటల్ ఎక్స్చేంజిని గూర్చి అంతకు ముందే కృషిచేసియుండిరి, జి.బి. మీమాంసి గారు సంస్థ భారమును వహించిరి. అప్పుడే కళాశాలలు వీడిన వందలకొలది యువకులు రేయింబవళ్లు శ్రమించిరి. పొగడ్తలు వ్రాయువారు సాధారణముగా ఈ పేళ్లను మఱచుచుందురు.

అప్పటికే 1982లో ఫ్రాన్సు దేశపు ఆల్కటెల్ యంత్రములకు ఒప్పందము కుదిరియుండెను. అవి నగరములకు దగినవి. వేలకొలది తీగలను గలుపునవి, చల్లదనపు గదులను గోరునవి. పల్లెకు గావలసినది వేఱు. విద్యుత్తు ఎప్పుడు పోవునో తెలియని చోట, శీతల యంత్రము లేని గదిలో, దుమ్ములో, ఎండలో నూఱుమందికి మాట గలుపవలెను. సి-డాట్ తొలుదొలుత ఫలింపజేసినది అట్టి చిన్న యంత్రము, 128 తీగలది. 1986 జులైలో కర్ణాటకమున, రాణీ చెన్నమ్మ తెల్లవారితో బోరిన కిత్తూరులో దానిని నెలకొల్పిరి. అమెరికా ఇంజనీరులకు అట్టి యంత్రమును జేయు శక్తి లేకపోలేదు. చేయవలసిన యవసరమే వారికి గలుగలేదు. టిట్లాగఢ్ ఎండలో బెరిగినవానికి ఆ యవసరము తెలియును. పరదేశము విద్యనిచ్చినది, దానితో నేమి చేయవలెనో స్వగ్రామము నేర్పినది.

ఆ వెనుక వచ్చిన పసుపుపచ్చ ఎస్.టి.డి. బూతులను మఱచినవారుండరు. సందు మొగలో ఒక బల్ల, ఒక టెలిఫోను, నిమిషములను రుసుమును జూపు చిన్న మీటరు. అంగవైకల్యము గలవారికి, చిన్న వ్యాపారికి అదియొక జీవనాధారమైనది. రాత్రి ప్రొద్దుపోయిన పిదప రుసుము తగ్గునని వరుసలో నిలుచుండి దూరదేశపు బిడ్డలతో మాటలాడిన తల్లులు మన పట్టణములలో నెందఱో!

లోపములను దాచుట మా మతము గాదు. నగరములకు గావలసిన పెద్ద ఎక్స్చేంజి ముప్పదియారు నెలలలో సిద్ధము కాలేదు, ఎంతయో యాలస్యమైనది. గడువును బిగ్గఱగా జాటినవారు ఆ గడువునకు లెక్క చెప్పవలసినవారే. 1989 చివర ప్రభుత్వము మాఱగా క్రొత్త మంత్రి ఆయనపై నారోపణలు కురిపించిరి. పత్రికలలో వాగ్యుద్ధము సాగినది. 1990లో ఆయన గుండెకు శస్త్రచికిత్స యైనది. 1991లో రాజీవ్ గాంధీ గారు హతులైన పిమ్మట అమెరికాకు మరల బోయిరి. ఉద్యోగముకొఱకు భారత పౌరసత్వమును దిరిగి స్వీకరించిన వ్యక్తి మరల వలసపోవలసివచ్చుట మాకు గౌరవము దెచ్చునది గాదు. 2005లో జ్ఞాన సంఘాధ్యక్షులుగా మఱల వచ్చిరి. 2009లో పద్మభూషణ బిరుదము నందిరి. తరువాతి కాలమున ఆయన రాజకీయ భాషణములు పలుమాఱులు వివాదములకు గారణమైనవి. వానితో మాకిచట పని లేదు.

మేము విచారించుట వ్యక్తిని గూర్చి గాదు, సంస్థను గూర్చి. చేతి టెలిఫోనులు వచ్చిన తరుణమున సి-డాట్ కు ధనమును, అధికారమును ఇచ్చి ముందుకు నడిపినచో అప్పుడే స్వదేశీ యంత్రములు వచ్చియుండెడివి. ఆ పని చేయలేదు. రెండు దశాబ్దములు విదేశీ యంత్రములనే కొంటిమి. 2025 సెప్టెంబరు 27న బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జి వ్యవస్థను ప్రధాని ప్రారంభించిరి. దాని హృదయ భాగము సి-డాట్ నిర్మించినది. తక్కినవి తేజస్, టి.సి.ఎస్. కంపెనీలవి. ప్రారంభసభ జరిగినది ఒడిశాలోని ఝార్సుగూడలో. అచటినుండి టిట్లాగఢ్‌నకు రైలుదారి కలదు. పెద్ద ప్రైవేటు కంపెనీల గోపురములపై మాత్రము నేటికిని స్వీడను, ఫిన్లాండు, కొరియా దేశముల యంత్రములే హెచ్చుగా నున్నవి.