మీకు తెలుసా? కడుపులోని బుజ్జి మెదడు వింతలు!

రాయ్‌పూర్ పక్కనున్న ఉర్లాలో ఎటు చూసినా ఇనుము, ఉక్కు ఫ్యాక్టరీలే! అక్కడి తెలుగు కుటుంబాలకి ఈ మొదటి వింత మరీ నచ్చుతుంది. లోహంలో పైకి కనబడని పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రమే గర్భిణుల స్కానింగ్‌కి దారి చూపింది! కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, దాదాపు అలాంటి పనే అది చేసేది. 1955లో గ్లాస్గో డాక్టరు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన కణుతుల్ని కారు డిక్కీలో పెట్టించుకుని, ఆ యంత్రం ఉన్న బాయిలర్ల ఫ్యాక్టరీకే పట్టుకెళ్లాడు. పోల్చి చూడ్డానికి ఫ్యాక్టరీవాళ్లు ఓ పెద్ద మాంసం ముక్క కూడా సిద్ధంగా ఉంచారట! ఆ తర్వాత మూడేళ్లకే, 1958లో, కడుపులోని బిడ్డ బొమ్మలు లాన్సెట్ పత్రికకెక్కాయి.

స్కానింగ్ చేసేటప్పుడు యంత్రం పంపేది శబ్దాన్నే, కానీ మనకి వినబడదు! మన చెవి సెకనుకి 20 వేల కంపనాల దాకానే అందుకుంటుంది. ఈ శబ్దానివేమో 20 లక్షల నుంచి 50 లక్షలు.

పొట్టమీద ఆ చల్లటి జెల్లు ఎందుకు రాస్తారో చెప్పగలరా? చర్మానికీ యంత్రానికీ మధ్య పలచటి గాలిపొర ఉన్నా చాలు, శబ్దం లోపలికి పోకుండా అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తుంది! ఒకసారి లోపలికి వెళ్లిందా, సెకనుకి 1540 మీటర్ల వేగం. పది సెంటీమీటర్ల లోతుకి వెళ్లి తిరిగి రావడం ఒక్క సెకనులో ఏడు వేల సార్లకు పైగా!

ఇది నాకెంతో ఇష్టమైన లెక్క. ఐదో నెల చుట్టుపక్కల, బిడ్డ చిన్నమెదడు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో గర్భం వయసు దాదాపు అన్ని వారాలు! 20 వారాలకి ఇంచుమించు 20 మిల్లీమీటర్లు, 21కి 21. ఎవరు కూర్చి పెట్టారో గానీ, ఆరో నెల గడుస్తుండగా ఈ జత తప్పిపోతుంది, చిన్నమెదడు వారాల్ని దాటుకుని ముందుకెళ్లిపోతుంది.

తల అంతంత పెరుగుతున్నా, మెదడులో ఒకటి మాత్రం పెరగదు. ఏమిటది? మెదడు లోపలి నీటి గదుల వెడల్పు! నాలుగో నెల నుంచి నెలలు నిండేదాకా అది 10 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. 10 దాటిందని రిపోర్టులో చూడగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు, ఆగండి! 10 నుంచి 12 మధ్య ఉండి, వేరే తేడా ఏదీ లేకపోతే, అలాంటి పిల్లల్లో నూటికి 90 మందికి పైగా మామూలుగానే ఎదుగుతారు. 15 దాటితే మాత్రం దాన్ని తీవ్రమైనదిగానే లెక్కిస్తారు. అందుకే మరో మాట: ఉర్లా నుంచి పురిటికి శ్రీకాకుళమో విజయనగరమో పుట్టింటికి రైలెక్కే అమ్మాయిలూ, చీరలకంటే ముందు స్కానింగ్ ఫైలు సర్దుకోండి! పాత కొలత పక్కన ఉంటేనే అక్కడి డాక్టరమ్మకి కొత్త కొలత అర్థం తెలిసేది.

స్కానింగ్ డాక్టర్లు మెదడులో నిమ్మకాయలు, అరటిపండ్లు వెతుకుతారంటే నమ్ముతారా? వెన్ను సరిగా మూసుకోని బిడ్డ తల నిమ్మకాయ ఆకారంలోనూ, చిన్నమెదడు అరటిపండులా వంగీ కనిపిస్తాయని 1986లో లండన్‌లో కైప్రోస్ నికోలాయిడెస్ బృందం రాసింది. లోపం నడుము దగ్గర, దాని గుర్తు నెత్తిన! వెన్నులోని రంధ్రంగుండా ద్రవం కారిపోవడంతో మెదడు వెనక భాగం కిందికి జారడమే కారణం.

మూడో నెల స్కానింగ్‌లో ఓ సీతాకోకచిలుక! మెదడులో నీటిని ఊరించే రెండు మెత్తటి గుత్తులు రెక్కల్లా విచ్చుకుని ఉంటాయి, ఆ ఆకారం లేకపోతే మెదడు రెండు సగాలుగా విడిపోలేదేమో అని అనుమానించాలి.

ఐదో నెలలో బిడ్డ మెదడు దాదాపు నున్నగా ఉంటుంది! మనకు తెలిసిన మడతలన్నీ ఆ తర్వాతే పడతాయి గనుక, మడతల లోపాలు ఐదో నెలలో బిడ్డ అవయవ లోపాల కోసం చేసే టిఫా స్కాన్‌కి చిక్కకపోవచ్చు. ఏడు, ఎనిమిది నెలల్లో మళ్లీ స్కానో, ఎమ్మారైయో కావాలి.

కపాలం ఏర్పడని బిడ్డను మొదటిసారిగా 17 వారాలకే స్కానింగ్‌లో గుర్తించి ప్రకటించింది 1972లో, స్టువార్ట్ క్యాంప్‌బెల్ బృందం. అంతకుముందు ఆ సంగతి చాలామంది తల్లులకు కాన్పులోనే తెలిసేది.

స్కానింగ్ గదిలో మెదడు గురించి ఎన్నయినా అడగండి, ఒక్కటి మాత్రం అడక్కూడదు! ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆ మాట స్థానిక భాషలో బోర్డు మీద రాసి పెట్టాల్సిందే.

2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒకేసారి 44 సర్కారు ఆస్పత్రుల్లో 56 టిఫా యంత్రాలు ప్రారంభించింది! ప్రైవేటులో వేలు పోయలేని తల్లులకి ఇది ఎంత ఊరటో!

ఇక అన్నిటికంటే వింత. మెదడుకీ వెన్నుపాముకీ మూలమైన గొట్టం, గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుపోతుంది! అప్పటికి చాలామందికి తాము తల్లి కాబోతున్నామనే తెలియదు. ఆ గొట్టం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్ర ముందునుంచే వేసుకోమనేది అందుకే. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి సారథి ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే! రక్తహీనత కోసం వెతికిన మందది. ఆయన 1948లో కన్నుమూశారు. 43 ఏళ్ల తర్వాత, 7 దేశాల్లో 33 కేంద్రాల్లో జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది: అంతకుముందు ఆ గొట్టం సరిగా మూసుకోని లోపంతో బిడ్డను మోసిన తల్లుల్లో, ఆ మాత్ర వేసుకున్నవాళ్లకి అదే లోపం మళ్లీ రావడం నూటికి 72 పాళ్లు తగ్గింది!