పోగు నెరిగిన వ్రేలు

1951 ఏప్రిల్ 18వ తేదీన వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల భూమిని వినోబా భావేకు సమర్పించి భూదానోద్యమమునకు నాంది పలికిననాటినుండి దేశమెల్ల నెరిగిన పోచంపల్లి, తన చీరవలన అంతకంటె దూరదేశముల పేరు గాంచినది. 2005లో ఆ నేతకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. చూడవచ్చినవారెల్లరు చీరమీది చిలుకలను, ఏనుగులను, వజ్రాకృతులను గాంచి ముగ్ధులై మరలుచుందురు. కాని ఆ బొమ్మలను నిలిపిన విద్యలో కన్నెరిగినది కొంతయనియు, వ్రేలెరిగినది కొంతయనియు, ఆ రెండవ భాగమును లెక్కించువారు అరుదనియు మగ్గముకడ ఒక పూట కూర్చున్నవారికి తోచకమానదు.

కదలు చేయి

వస్తువు వచ్చి చర్మమును తాకుటయే స్పర్శ యని సామాన్యముగా తలంతుము. ఆ తాకుడునకు కొలతలు కట్టినవాడు జర్మనీ శరీరశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ వేబర్. 1834లో ప్రకటించిన ఆయన పరిశోధనల మార్గమున తేలిన దేమనగా, వృత్తలేఖిని మొనలు రెండింటిని ఒక్కసారి ఆనించినప్పుడు అవి రెండని వ్రేలికొన ఇంచుమించు 2 మిల్లీమీటర్ల ఎడములోనే పసిగట్టును. వీపునకు 4 సెంటీమీటర్ల వరకు ఎడము కావలయును. అయినను కదలని వ్రేలి జ్ఞానము స్వల్పమే. 1962లో అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు జేమ్స్ గిబ్సన్ బిస్కెట్ల పిండి కోయు రేకు అచ్చులను చూడనీయక అరచేత నొత్తించినప్పుడు జనులు వాని ఆకృతులను ఇంచుమించు సగము పర్యాయములే పోల్పగలిగిరి. అవే అచ్చులను స్వేచ్ఛగా తడవనిచ్చినప్పుడు నూటికి 95 సారులు సరిగా చెప్పిరి.

1985లో రాబర్టా క్లాట్స్కీ, సుసాన్ లెడర్‌మన్ మొదలగువారు కన్నులకు గంతలు కట్టి నూరు నిత్యోపయోగ వస్తువుల నందింపగా, నూటికి 96 వరకు సరియైన పేర్లే వచ్చినవి. వానిలో అధికభాగము అయిదు సెకండ్లలోపలనే. రెండేండ్ల పిదప లెడర్‌మన్, క్లాట్స్కీలు ఆ చేతి కదలికలనే వర్గీకరించిరి: నునుపు గరుకులకై వ్రేలు అటునిటు రాయును, మెత్తదనమునకై నొక్కును, చలువ వెచ్చదనములకై ఆనియుండును, బరువునకై అరచేత నెత్తి తూచును, ఆకారమునకై పిడికిట నిముడ్చుకొనును, అంచుల రూపునకై వానివెంట జరుగును.

ఈ వర్గీకరణ నెరుగకయే పోచంపల్లి నేతగాడు ఆ కదలికలనే నిత్యము ప్రయోగించును. చిలపను చేత నెత్తిచూచును. పోగును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రాచి నునుపు నెరుగును. రంగు ముంచి ఆరవేసినదానిని నొక్కి తడి యారినదో లేదో తెలిసికొనును. మానవచర్మమున తడికై ప్రత్యేక గ్రాహకము లేదు. చలువనుబట్టియు, వ్రేలు జారు తీరునుబట్టియు మెదడు దాని నూహించును.

చిటికి కట్టు

స్పర్శకు గట్టిపరీక్ష చిటికికట్టుకడ నెదురగును. కొయ్యలు నాటిన ఆసు అను చట్రముపై విసనకఱ్ఱవలె చాచిన పోగులమీద బొగ్గుతో గుర్తులు గీచి, రంగు సోకరాని తావులనెల్ల సన్నని రబ్బరు పట్టీలతో చుట్టి బిగింతురు. కట్టు వదులైనచో రంగు లోపలికి పాకి బొమ్మ చెదరును. కనుక కట్టిన ప్రతిచోట బిగువు తగునో లేదో వ్రేలే నిర్ణయింపవలెను. ఒక రంగు ముంచి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, రెండవ రంగు ముంచి, ఇట్లు సాగిన పోగు గుంట మగ్గమెక్కినపిదప, నాడె విసరినప్పుడెల్ల పేకలోని గుర్తు తన తావున పడులాగున నేతగాడు పోగును కొనవ్రేలితో రవంత లాగియో సడలించియో సరిచేయును. తెగిన పడుగుపోగును వెదకి పట్టి అతుకునది కూడ ఆ వ్రేలే.

యంత్రము, చేయి

ఆసు పోయుట తరతరములుగా ఆడువారి కష్టము. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సారులు కొయ్యల చుట్టు తిరుగవలసియుండగా, తల్లి లక్ష్మి భుజముల నొప్పి చూడలేక చింతకింది మల్లేశము 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో పద్మశ్రీ నందుకొనెను. ఆ యంత్రము భుజముల భారమును తీసికొన్నది. వ్రేళ్ల విద్యను వ్రేళ్లకే విడిచిపెట్టినది. యంత్రమునకును చేతికిని పని పంచుటలో ఇంతకంటె మేలైన వివేకము లేదు. పోచంపల్లి బొమ్మను మిల్లుగుడ్డపై అచ్చొత్తి అమ్మునది వేరొక మార్గము. అది కంటిని తృప్తిపరచి, చేతి విద్యకు అన్నము లేకుండ చేయును.

చీర కొనబోవు పాఠకులకు మనవి: ధర అడుగుటకు ముందు గుడ్డను త్రిప్పిచూడుడు. పోగునకే రంగు పట్టిన నేతలో రెండువైపుల బొమ్మ సమముగా నుండును. అచ్చువేసినదాని వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవును. పిదప చేతితో తడవుడు. జిగురు కలిసిన అచ్చురంగు పడినచోట గుడ్డ బిరుసెక్కి వ్రేలికి తగులును. ఈ రెండు పరీక్షలకు నిమిషము చాలును. ఆ నిమిషమును వెచ్చించి, నిజమైన నేతకు నిజమైన వెల చెల్లింపుడు.